బంతిలోంచి లేచిన పేతురు

మీ సంఘంలో ఎవరినైనా అడిగి చూడండి, "ఇక్కడ ఆత్మీయంగా బాగా ఎదిగినవాళ్లు ఎవరండీ?" అని. ముందు వరసలో కూర్చునే పెద్దాయన్ని చూపిస్తారు. రక్షణ పొంది ముప్ఫై ఏళ్లు దాటింది. నెలకోసారి రాత్రంతా ప్రార్థనలో ఉంటాడు. శ్రమకాలం నలభై రోజులూ ఒంటిపూట భోజనమే. ఏ వచనం ఎక్కడుందన్నా పుస్తకం తెరవకుండా చెబుతాడు. ఇవన్నీ మంచివే, కాదనను. అయితే ఇవన్నీ నలుగురికీ కనిపించేవి, లెక్కకు అందేవి. ఆయన గురించి ఆయన కోడలిని ఎవరూ అడగరు.

కొరింథు సంఘానికి వరాల్లో ఏ లోటూ లేదని పౌలు పత్రిక మొదట్లోనే ఒప్పుకుంటాడు. భాషలు, ప్రవచనాలు, స్వస్థతలు అన్నీ ఉన్నాయి. రెండు అధ్యాయాలు తిరక్కముందే వాళ్లనే పసిపిల్లలంటాడు, ఇంకా పాలు పట్టాల్సిన స్థితిలోనే ఉన్నారంటాడు. ఎందుకు? ప్రార్థన తగ్గిందనా? కాదు. నేను పౌలు మనిషినని ఒకడు, నేను అపొల్లో మనిషినని ఇంకొకడు వర్గాలు కట్టుకున్నారు. ఒకరంటే ఒకరికి పడదు. వరాలకూ ఎదుగుదలకూ సంబంధం ఉండి తీరాలని లేదని ఆ ఒక్క పత్రిక చదివితే చాలు, తెలిసిపోతుంది.

మనకేమో లెక్కలంటే ఇష్టం. తెలుగు సంఘ చరిత్రలో అందరూ చెప్పుకునే లెక్క ఒకటుంది. 1878 జూలై 3న, ఒంగోలుకు దగ్గర్లోని వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క చెప్పేవాళ్లలో చాలామంది దాని ముందు జరిగింది చెప్పరు. కరువు రోజుల్లో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలిపని చూపించాడు. బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని, నిజంగా కోరుకునేవాళ్లు కరువు తీరాక కూడా కోరుకుంటారని ఆయన ఉద్దేశం. నీళ్లలోకి దిగినవాళ్లను ఆ రోజు సాయంత్రానికల్లా లెక్కపెట్టేశారు. వాళ్లలో ఎవరు ఎంత ఎదిగారన్నది ఏ రిజిస్టరుకూ ఎక్కేది కాదు. ఈ అధ్యాయం ఆ రెండో సంగతి గురించే.

అంతియొకయలో ఏం జరిగింది

ఎదుగుదల గురించి బైబిలు అంతటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపేసే సంఘటన భోజనం దగ్గర జరిగింది. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో నాలుగే నాలుగు వచనాలు, 11 నుంచి 14 దాకా. కానీ దాని బరువు తెలియాలంటే అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం నుంచి రావాలి.

పేతురు యొప్పేలో సీమోను అనేవాడి ఇంట్లో దిగాడు. ఈ సీమోను తోళ్లు శుభ్రం చేసే పనివాడు. (ఒంగోలు ప్రాంతంలో తొలి విశ్వాసులు మాదిగలు, తోలుపని వాళ్ల కులవృత్తి. పేతురంతటివాడు అలాంటి ఇంట్లో బస చేశాడని మొదటిసారి విన్నప్పుడు వాళ్లు ఎంత ఆశ్చర్యపోయి ఉంటారో!) ఆ ఇంటి మిద్దె మీద పేతురుకు దర్శనం వచ్చింది. తినకూడనివని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న జంతువులన్నీ ఒక దుప్పటిలాంటి దాంట్లో దిగివచ్చాయి, తినమన్న మాట వినిపించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ వెంటనే కైసరయలోని కొర్నేలి అనే రోమా శతాధిపతి పంపిన మనుషులు గుమ్మం ముందు నిలబడ్డారు. పేతురు వెళ్లాడు. అన్యుడి గడప తొక్కాడు, కొన్ని రోజులు అక్కడే ఉన్నాడు. యెరూషలేముకు తిరిగిరాగానే సొంతవాళ్లు నిలదీశారు: సున్నతి లేనివాళ్లతో కూర్చుని తిన్నావటగా అని. పేతురు ఒక్కొక్కటీ పూసగుచ్చినట్టు చెప్పి వాళ్ల నోళ్లు మూయించాడు.

కొన్నేళ్లకు అంతియొకయ. అక్కడ యూదులూ అన్యులూ ఒకే సంఘం, ఒకే బంతిలో భోజనం. పేతురూ వాళ్లతోనే కూర్చుని తిన్నాడు. ఇంతలో యెరూషలేము నుంచి, యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. అంతే, పేతురు బంతిలోంచి లేచాడు. ఒక్కసారిగా లేచి ఉండడని నా ఊహ. మొదటిరోజు ఆకలిగా లేదని ఉంటాడు, రెండోరోజు ఇంకెవరో పిలిచారని ఉంటాడు. మనం చేసేదీ అదేగా! ఆయన్ని చూసి మిగిలిన యూదులూ లేచారు. చివరికి బర్నబా కూడా. కొత్తవాళ్లను చెయ్యిపట్టి నడిపించడంలో పేరున్న బర్నబా!

పేతురుకు సిద్ధాంతం తెలియక కాదు. దర్శనం చూసినవాడు, దాని మీద వాదించి గెలిచినవాడు. పెంతెకొస్తు రోజున ఆయన ప్రసంగం విని మూడు వేలమంది కలిశారు. పౌలు రాసిన కారణం ఒక్కటే: భయపడ్డాడు. శత్రువులకు కాదు, మనవాళ్లకు. వాళ్లు ఏమనుకుంటారో అని.

నా మట్టుకు నేను ఆత్మీయ పరిపక్వతను ఇక్కడే కొలుస్తాను. తెలిసిన సత్యం, మనవాళ్లు చూస్తుండగా కూడా మన ఒంట్లో నిలబడుతుందా లేదా? ఒంటరిగా గదిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు అందరం పెద్దవాళ్లమే.

మన బంతులు

ఒంగోలులో 1867 ప్రాంతంలో ఇదే పరీక్ష వచ్చింది. పై కులాలవాళ్లు కొందరు క్రీస్తును గురించి వినడానికి సుముఖంగా ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. మిషన్‌కు అప్పటికి బలగం లేదు, పేరు లేదు. పెద్దింటివాళ్లు వస్తే పని ఎంత సులువవుతుంది! క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయంలోని అదే భాగం ఎదురైందట, లోకం తక్కువగా చూసినవాళ్లను దేవుడు ఎన్నుకోవడం గురించిన మాటలు. మాదిగలను వదలకూడదని తేల్చుకున్నారు. పై కులాలవాళ్లు తప్పుకున్నారు.

నూట యాభై ఏళ్లు దాటింది. ఆదివారం పత్రికలో వధూవరుల ప్రకటనలు తిరగేయండి. క్రిస్టియన్ అని రాసి, పక్కనే కులం, కొన్నిచోట్ల ఉపకులం కూడా రాస్తారు. "రక్షణ పొందిన అమ్మాయి కావలెను" అన్న మాట కిందనే ఇది కూడా. భక్త్ సింగ్ మొదలుపెట్టిన సహవాసాల్లో, హైదరాబాదు హెబ్రోనులో ఆరాధన తర్వాత ప్రేమవిందు ఉంటుంది. ఎవరి పక్కన ఎవరన్నది చూడకుండా కూర్చుని తినడం అక్కడి అలవాటు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టినాయన తెలుగువాళ్లను ఒకే బంతిలో కూర్చోబెట్టగలిగాడు. ఆ బంతి గుడి కాంపౌండు దాటి పెళ్లిపందిరి దాకా ఎప్పుడు వస్తుందో మనమే చెప్పాలి.

కులం ఒక్కటే అనుకోకండి, అది మన దగ్గర పెద్దది కాబట్టి ముందు చెప్పాను. ఇంకా చిన్నవి, రోజూ ఎదురయ్యేవి ఉన్నాయి. ఇంట్లో పనిచేసే ఆమెకు టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు? వంటింటి కిటికీ దగ్గర, సింకు పక్కన, ఆమె కోసం ప్రత్యేకంగా బోర్లించిన స్టీలు గ్లాసు ఉందా? ఆ గ్లాసు ఉన్న ఇంట్లోనే రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన జరుగుతుండవచ్చు. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన సహోదరుడికి ముందు కుర్చీ, ఆటో నడిపే సహోదరుడికి గోడవార బెంచీ వేసే సంఘపెద్దకు యాకోబు పత్రిక రెండో అధ్యాయం కంఠతా వచ్చే ఉంటుంది. ఆఫీసులో ఎవరినో ఎగతాళి చేస్తుంటే నవ్వకుండా ఉండలేకపోవడం, పుట్టింటివాళ్లు వచ్చినప్పుడు భర్తతో మాట్లాడే గొంతు మారిపోవడం, అమ్మ ఎదురుగా ఉంటే భార్య పక్షాన ఒక్క మాట రాకపోవడం, ఇవీ బంతిలోంచి లేవడమే.

కాబట్టి మొదటి పని, మీరు ఎక్కడ లేస్తున్నారో కనిపెట్టడం. ఒక ప్రశ్న చాలు: ఎవరు వస్తే నేను మారిపోతున్నాను? ఒక వారం ఈ ప్రశ్నను జేబులో పెట్టుకు తిరగండి. దిద్దుకోవడానికి తొందరపడొద్దు, గమనించండి చాలు. రాత్రి పడుకోబోయే ముందు రెండు వాక్యాలు రాసుకోండి: ఎవరు వచ్చారు, నేనేం చేశాను. "నాలో గర్వం ఉంది ప్రభువా" లాంటి పెద్ద మాటలు వద్దు. అవి వినడానికి పశ్చాత్తాపంలాగే ఉంటాయి గానీ వాటిని పట్టుకుని ఏమీ చేయలేం. "పెద్దబావగారు వచ్చారు, డ్రైవరును బయటే నిలబెట్టాను" అని రాసుకుంటే రేపు చేయాల్సిన పని ఏమిటో తెలుస్తుంది.

తర్వాత ఒక్కచోట మొదలుపెట్టండి. ఆ స్టీలు గ్లాసు తీసేసి, ఇంట్లో అందరూ తాగే కప్పుల్లోంచే టీ ఇవ్వండి. మొదట్లో ఆమెకే ఇబ్బందిగా ఉంటుంది, వద్దమ్మా అంటుంది. అత్తగారు ఏదో అంటుంది. కుర్చీలో కూర్చుని తాగమనండి. మంచి చెడుల తేడా అభ్యాసం వల్ల తెలుస్తుందని హెబ్రీయుల పత్రిక అయిదో అధ్యాయం చివర్లో ఉన్నది ఇలాంటి సాధన గురించే. ప్రసంగాలు ఎన్ని విన్నా ఆ సాధన రాదు. ఒకసారి కూర్చున్నవాడికి రెండోసారి కూర్చోవడం కాస్త తేలిక.

చెప్పడం, చెప్పించుకోవడం

అంతియొకయలో పేతురును నిలబెట్టింది మరో దర్శనం కాదు. ఈసారి ఒక మనిషి ముఖాన చెప్పాడు. పౌలు అందరి ఎదుటా మందలించాడు, ఎందుకంటే తప్పు అందరి ఎదుటా జరిగింది, అవమానం పడినవాళ్లు అక్కడే ఉన్నారు. మిగతా సందర్భాలకు యేసు చెప్పిన క్రమం మత్తయి 18లో ఉంది: ముందు ఒంటరిగా వెళ్లి చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మన దగ్గర ఈ క్రమం తలకిందులుగా నడుస్తుంది. ముందు వీధికంతటికీ తెలుస్తుంది, తర్వాత పాస్టరమ్మకు, ఆ తర్వాత పాస్టరుగారికి. ఆయన ఆదివారం పేరెత్తకుండా ప్రసంగంలో వడ్డిస్తారు, అందరూ ఆ మనిషి వైపే చూస్తారు. ఆ మనిషితో మాత్రం ఎవరూ మాట్లాడరు.

స్త్రీల సమాజంలో ఈ సంభాషణ మీరూ వినే ఉంటారు.

"అక్కా, ఒక ప్రార్థన అంశం. పేరు చెప్పను గానీ, మన మూడో లైనులో చర్చికి రావడం మానేసినావిడ కూతురు..."

"అయ్యో, ఏమైంది?"

"నాకెందుకులే అక్కా, దేవుడికి తెలుసు. రాత్రి పదింటికి ఎవరి బండి మీదో వచ్చిందంట. ప్రార్థన చేయండి పాపం."

ప్రార్థన జరగదు, కబురు మాత్రం ఊరంతా తిరుగుతుంది. నాలుకను అదుపు చేసుకోగలిగినవాడు తక్కిన ఒళ్లంతా అదుపులో పెట్టుకోగలడని యాకోబు అన్నాడంటే ఊరికే అనలేదు. నేను చెప్పే నియమం చిన్నది: ఆ అమ్మాయి పక్కనే కూర్చుని ఉంటే ఏ మాటల్లో చెబుతారో ఆ మాటల్లోనే చెప్పండి. అలా చెప్పలేనిది దేవుడికి ఒక్కడికే చెప్పండి.

ఇక చెప్పించుకోవడం. ఇది చెప్పడం కంటే కష్టం. మిమ్మల్ని ఇంట్లోనో పనిలోనో దగ్గరగా చూసే ఒక మనిషిని ఎంచుకోండి, మీ కంటే వయసులోనో హోదాలోనో చిన్నవాళ్లయితే మరీ మంచిది. సంఘపెద్దకు తమ్ముడి భార్యో, పాస్టరుకు యవనస్థుల కూటం కుర్రాడో. "నేను ఎవరి ముందు వేరేగా ఉంటానో నీకు కనిపించిందా?" అని అడగండి. చెప్పిందానికి ఆ రోజు జవాబు ఇవ్వకండి. "నా ఉద్దేశం అది కాదు" అన్న మాట నోటి చివరి దాకా వస్తుంది, మింగేయండి. "సరే, ప్రార్థనలో పెడతాను" కూడా వద్దు. చాలాసార్లు అది తలుపు వేసేయడానికి మర్యాదైన మాట. వారం తర్వాత మీరే వెళ్లి, "నువ్వన్నది నిజమే, ఇదిగో ఇలా చేస్తున్నాను" అనో, "ఆలోచించాను, ఇందులో నాకు ఇంకా తప్పు కనిపించడం లేదు" అనో చెప్పండి. రెండూ నిజాయితీ జవాబులే.

పేతురు ఏం జవాబిచ్చాడో పౌలు రాయలేదు. కానీ పేతురు పేరుతో ఉన్న రెండో పత్రిక చివర్లో పౌలును ప్రియమైన సహోదరుడంటాడు. అతని పత్రికల్లో కొన్ని సంగతులు అర్థం కావడం కష్టమని కూడా అంటాడు, అది వేరే సంగతి. నలుగురిలో తలదించుకునేలా చేసినవాణ్ణి ప్రియమైన సహోదరుడనడం చిన్న సంగతి కాదు.

చదవడం గురించి కాస్త

జనవరి ఒకటి తెల్లవారుజామున గుళ్లో వాగ్దాన కార్డు తీసుకుని ఏడాదంతా ఫ్రిజ్ మీద అంటించుకోవడంలో తప్పేమీ లేదు. అదే ఏడాదికి సరిపడా వాక్యం అయిపోతేనే చిక్కు. ముక్కలు ముక్కలుగా చదివితే మనకు కావలసినవే కనిపిస్తాయి. గలతీయుల పత్రిక ఆరు అధ్యాయాలే, కదలకుండా కూర్చుంటే అరగంటలో అయిపోతుంది. అలా చదివితే మనం క్యాలెండర్ల మీద అచ్చేసుకునే ఆత్మఫలం ఎక్కడ ఉందో తెలుస్తుంది. బంతి దగ్గర గొడవ జరిగిన పత్రికలోనే, ఒకరినొకరు కరుచుకోకండని చెప్పిన కాసేపటికే, అయిదో అధ్యాయంలో. ఆ తొమ్మిదింటిలో దీర్ఘశాంతం, దయ, మంచితనం, సాత్వికం లాంటివి ఎదుటి మనిషి లేకుండా అలవడేవి కావు. ఎవరూ విసిగించకపోతే ఓర్పు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

దానికి పైనే శరీర కార్యాల జాబితా ఉంది. వ్యభిచారం, విగ్రహారాధన, తాగుడు ఉన్నాయి, అవి అందరికీ గుర్తే. మధ్యలో ద్వేషాలు, కలహం, అసూయ, కోపం, కక్షలు, చీలికలు ఉన్నాయి, జాబితాలో దాదాపు సగం అవే. తాగి వచ్చినవాణ్ణి బల్లకు దూరం పెట్టిన సంఘాలు నాకు తెలుసు. సంఘాన్ని రెండుగా చీల్చినవాణ్ణి దూరం పెట్టిన సంఘం పేరు మాత్రం గుర్తుకు రావడం లేదు. ఎక్కువగా అతను పక్క వీధిలో కొత్త బోర్డు పెట్టుకుంటాడు.

ఎన్నాళ్లు పడుతుంది?

తొందరపడేవాళ్లకు ఒక సంగతి. దమస్కు దారిలో వెలుగు చూసిన పౌలు మర్నాడే అపొస్తలుడిగా ప్రపంచం తిరగలేదు. అరేబియాకు వెళ్లాడు, మళ్లీ దమస్కుకు వచ్చాడు, మూడేళ్ల తర్వాత గాని యెరూషలేములో పేతురును కలవలేదు. పధ్నాలుగేళ్ల తర్వాత మళ్లీ వెళ్లానంటాడు. ఈ లెక్కలు ఆయనే గలతీయుల పత్రికలో రాసుకున్నాడు. మనమేమో మూడు రోజుల కూటాల్లో ఎదిగిపోవాలనుకుంటాం. మధ్యలో ప్రార్థన ఎండిపోయే రోజులు వస్తాయి, వాక్యం చదువుతుంటే అక్షరాలే కనిపిస్తాయి. అప్పుడు కొత్త కూటాల పోస్టరు వెతుక్కోకండి. ఉన్నచోటే ఉండి, చిన్న ప్రార్థన చేసుకుని, పొద్దున చేయాల్సిన పని చేసుకోండి. కీర్తన 88 చీకటిలోనే ముగుస్తుంది, దాన్ని కూడా కీర్తనల్లోనే చేర్చారు.

పేతురును నిలదీసిన పౌలు కూడా అన్నిచోట్లా ఎదిగినవాడేం కాదు. మొదటి ప్రయాణంలో యోహాను అనే మార్కు పెర్గే దగ్గర వాళ్లను వదిలి ఇంటికెళ్లిపోయాడు. రెండో ప్రయాణానికి బర్నబా అతన్ని మళ్లీ తీసుకెళ్దామంటే పౌలు ససేమిరా అన్నాడు. ఇద్దరు అపొస్తలులకూ పెద్ద గొడవై చెరో దారి పట్టారు. ఏళ్లు గడిచాయి. తిమోతికి రాసిన రెండో పత్రికలో, చెరలో ఉండి, ప్రాణం మీద ఆశ వదులుకుని, మార్కును వెంటబెట్టుకు రా, అతను నాకు పనికొస్తాడు అని రాస్తాడు. మధ్యలో మారింది మార్కు ఒక్కడేనా, పౌలు కూడానా అని నన్నడిగితే ఇద్దరూ అంటాను.

మీకూ ఒక మార్కు ఉండే ఉంటాడు. అవసరానికి వదిలిపోయిన తమ్ముడో, సంఘంలో మీ మీద ఎదురుతిరిగిన కుర్రాడో, డబ్బు దగ్గర మాట తప్పిన స్నేహితుడో. పిలిచి క్షమించానని గంభీరంగా చెప్పాల్సిన పని లేదు, ఆ మాట చాలాసార్లు ఇంకో దెబ్బలా తగులుతుంది. పౌలు క్షమాపణ గురించి ఒక్క మాట ఎత్తలేదు, పని ఉంది రమ్మన్నాడు. అదే ఉత్తరంలో, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు. అలాంటి పనే ఏదైనా చెప్పండి, వాళ్ల చేతనవునని మీకు తెలిసిన పని. క్రిస్మస్‌కు గుడి మీద స్టార్ కట్టడానికి నిచ్చెన పట్టుకోమనండి.